ఎంఓటీకి వెళ్లే కారుకీ ఇన్సూరెన్స్ ఉండాల్సిందే

సంపాదకుల వారికి నమస్కారాలు.

బ్రిటన్‌కి చదువులకీ ఉద్యోగాలకీ వచ్చిన మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా బాగా తిరుగుతోంది. "సోర్న్‌లో ఉన్న కారుని ఎంఓటీకి తీసుకెళ్లేటప్పుడు ట్యాక్స్ అక్కర్లేదు, ఎంఓటీ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ కూడా అక్కర్లేదు. బుకింగ్ మెసేజ్ చూపిస్తే పోలీసులు వదిలేస్తారు" అని. ఎంఓటీ అంటే ఇక్కడ కారుకి ఏటా చేయించే పరీక్ష, సోర్న్ అంటే కారుని రోడ్డు మీదకి తేనని ప్రభుత్వానికి ఇచ్చే మాట; వివరంగా కింద చెప్తాను. అందులో మొదటి రెండు మాటలూ నిజం. మూడోది పచ్చి అబద్ధం. మొదటి రెండూ నిజం కావడం వల్లే మూడోదాన్ని కూడా జనం నమ్మేస్తున్నారు.

నేను లెస్టర్‌లో ఒక గ్యారేజీలో ఎంఓటీ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. సొంతూరు తెనాలి దగ్గర. మా గ్యారేజీకి వచ్చే తెలుగు పిల్లలు నన్ను అంకుల్ అని పిలుస్తారు, ఏ డౌట్ వచ్చినా ఫోన్ చేస్తారు. మీ పత్రికని ఇక్కడి పిల్లలు ఫోన్లో చదువుతారు, అక్కడ వాళ్ల అమ్మానాన్నలు ఇంట్లో చదువుతారు. ఇద్దరికీ చేరుతుందని మీకే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఇక్కడ కారు రిజిస్టరై మూడేళ్లు నిండితే ఏటా ఎంఓటీ పరీక్ష చేయించాలి. బ్రేకులు, టైర్లు, లైట్లు, స్టీరింగ్, సస్పెన్షన్, పొగ అన్నీ చూసి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా లేదా చెప్పే పరీక్ష ఇది. 1960లో మొదలైంది. కారుకి గ్యారేజీలు తీసుకోగల గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. నీలం బోర్డు మీద మూడు తెల్ల త్రికోణాలు కనిపిస్తే అక్కడ ఈ పరీక్ష చేస్తారని అర్థం.

సోర్న్ అంటే, ఈ కారుని కొంతకాలం రోడ్డు మీదకి తేను అని డీవీఎల్ఏకి, అంటే వాహనాల రిజిస్ట్రేషన్లూ లైసెన్సులూ చూసే ప్రభుత్వ సంస్థకి, మనం ఇచ్చే మాట. 1998 నుంచి ఉంది. ఇండియాకి నాలుగైదు నెలలు వెళ్లేవాళ్లు, కారు రిపేరుకి డబ్బు లేనివాళ్లు సోర్న్ పెడతారు. ఖర్చు ఏమీ లేదు. పెట్టాక రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు, ఇన్సూరెన్స్ కూడా తీసేయొచ్చు. 2011 నుంచి ఇక్కడ సోర్న్‌లో లేని ప్రతి కారుకీ, అది కదలకుండా పడి ఉన్నా సరే, ఇన్సూరెన్స్ ఉండి తీరాలి. ఆ బాధ్యత నుంచి తప్పుకోవడానికి ఉన్న దారి సోర్న్. కాకపోతే ఆ కారు ప్రైవేటు స్థలంలోనే ఉండాలి. ఇంటి ముందు రోడ్డు వారగా ఆపి ఉంచడం కూడా కుదరదు. వరస ఇళ్లలో గది అద్దెకి తీసుకుని, కార్లు పెట్టుకునే చోటు లేని మన పిల్లలు చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

ఇప్పుడు అసలు చిక్కు. సోర్న్‌లో ఉండగా ఎంఓటీ గడువు అయిపోయింది. కారు మళ్లీ నడపాలంటే ట్యాక్స్ కట్టాలి. ట్యాక్స్ కట్టాలంటే ఎంఓటీ ఉండాలి. ఎంఓటీ కావాలంటే కారు గ్యారేజీకి రావాలి. రావాలంటే రోడ్డెక్కాలి. ఈ ముడి విప్పడానికి చట్టమే ఒక సందు ఇచ్చింది. ముందుగా ఫలానా రోజు, ఫలానా టైముకి పరీక్ష బుక్ చేసుకుని, దానికోసమే వెళ్తున్నా, దాన్నుంచి తిరిగి వస్తున్నా ట్యాక్స్ లేకపోయినా తప్పు కాదు. బుక్ చేసిన పరీక్షకి వెళ్లేటప్పుడు ఎంఓటీ లేకపోవడమూ తప్పు కాదు. గ్యారేజీ ఇన్ని మైళ్లలోపే ఉండాలని లెక్కేమీ పెట్టలేదు. కానీ దారిలో సూపర్ మార్కెట్ దగ్గర ఆగడం, ఫ్రెండుని దింపి వెళ్దామనుకోవడం కుదరదు. సోర్న్‌లో ఉన్న కారుని ఇంకే పనికి రోడ్డు మీద వాడినా 2,500 పౌండ్ల వరకూ జరిమానా పడొచ్చు.

ఆ సందులో ఇన్సూరెన్స్ ఎక్కడా లేదు. 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టంలో 143వ సెక్షన్ చెప్పేది సూటిగా ఉంటుంది: రోడ్డు మీద మోటారు వాహనం వాడితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. పరీక్షకి వెళ్లే బండికి అందులో మినహాయింపు లేదు. మన మోటారు వాహనాల చట్టం కూడా 1988దే, అందులో 146వ సెక్షన్ చెప్పేదీ ఇదే. కాబట్టి మనకి కొత్త సంగతేం కాదు.

ఇది అన్యాయం అంకుల్, ట్యాక్సుకి ఇచ్చిన వెసులుబాటు దీనికీ ఇవ్వొచ్చుగా అని ఒక అబ్బాయి నాతో వాదించాడు. నేను ఒప్పుకోను. ట్యాక్స్ ప్రభుత్వానికి రావాల్సిన డబ్బు. ఆ ఒక్క ప్రయాణానికి వదిలేస్తున్నానంటే అది దాని ఇష్టం. ఇన్సూరెన్స్ దారిన పోయేవాడి కోసం. స్కూలు దగ్గర రోడ్డు దాటుతున్న పిల్లకి మన కారు తగిలితే ఆ పిల్ల వైద్యానికీ, జీవితాంతం అవసరమయ్యే సాయానికీ వచ్చే డబ్బు అది. దాన్ని వదిలేసే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది? ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో బాధితులకి పరిహారం ఇస్తుంది, తర్వాత ఆ మొత్తాన్ని డ్రైవర్ దగ్గర వసూలు చేసుకునే హక్కు దానికి ఉంది. అప్పుడు వచ్చే లెక్క ఇరవయ్యేళ్లు పనిచేసినా తీరేది కాదు.

పైగా నెలల తరబడి కదలని కారే అన్నిటికంటే ప్రమాదం. ఇది నేను రోజూ చూసేది. చలికాలమంతా తడిలో నిలబడిన కారు బ్రేక్ డిస్కుల మీద తుప్పు ఇటుక రంగులో పెళ్లలు కట్టి ఉంటుంది. చక్రాల సందులోంచి టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది. డిస్కు మీద ప్యాడ్ ఆనుకుని ఉన్న చోట మాత్రం ప్యాడ్ ఆకారంలోనే ఒక మచ్చ ఉంటుంది. మొదటి నాలుగైదు సార్లు బ్రేక్ నొక్కినప్పుడు గరగరమంటుంది, తర్వాత చప్పుడు తగ్గుతుంది. చప్పుడు తగ్గింది కదా, బాగైపోయిందని అనుకుంటారు. మా దగ్గర రోలర్ల మీదకి ఎక్కించి బ్రేక్ నొక్కితే ఎడమ చక్రం గట్టిగా పట్టుకుంటుంది, కుడి చక్రం పట్టీ పట్టనట్టు తిరుగుతూనే ఉంటుంది. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ లోపల బిగుసుకుపోయి ఉంటుంది మరి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల బ్రేకు బలంలో తేడా 30 శాతం దాటితే నేను ఫెయిల్ చేయాలి. ఆ కారుని అప్పటిదాకా ఎవరో రద్దీ రోడ్డు మీద నడుపుకుంటూ వచ్చారన్నమాట. హఠాత్తుగా బ్రేక్ కొట్టాల్సి వస్తే బండి ఒక పక్కకి లాగేసేది.

హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేసిన కార్లలో వెనక బ్రేకు షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. టైర్లలో గాలి దిగిపోయి, నేలకి ఆనిన చోట చదునుగా అయిపోతాయి. పక్కగోడల మీద సన్నటి పగుళ్లు వస్తాయి. ట్రెడ్, అంటే టైరు మీది గాడుల లోతు, 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఒక్కో టైరుకి లైసెన్సు మీద మూడు పెనాల్టీ పాయింట్లు, 2,500 పౌండ్ల వరకూ జరిమానా. టెస్టుకే వెళ్తున్నామన్న మాట ఇక్కడ పనికిరాదు. ఎంఓటీ కాగితం లేకపోవడం వేరు, ప్రమాదకరమైన బండి నడపడం వేరు. మొదటిదానికే మినహాయింపు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణమైన అమ్మాయి గురించి చెప్పాలి. తన అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఖమ్మం వైపు నుంచి వచ్చిన పిల్ల. వయసు మళ్లినవాళ్ల ఇళ్లకి వెళ్లి స్నానం చేయించి, మందులిచ్చి, తిండి పెట్టి వచ్చే కేర్ వర్కర్. పొద్దున్నే ఊరి ఈ చివర ఒక ఇల్లు, ఆ చివర ఇంకో ఇల్లు. బస్సుల్లో అయ్యే పని కాదు. ఇండియా లైసెన్సు ఇక్కడ ఏడాదే చెల్లుతుంది, దాన్ని ఇక్కడి లైసెన్సుగా మార్చి ఇవ్వరు, కాబట్టి కష్టపడి ఇక్కడి టెస్టు పాసైంది. ఇంటికి తిరిగి వెళ్లిపోతున్న స్నేహితురాలి దగ్గర పాత ఫియెస్టా కొంది. ఆ స్నేహితురాలు కారుని సోర్న్‌లో పెట్టి, తెలిసినవాళ్ల ఇంటి ఆవరణలో ఉంచింది.

కొనేవాళ్లు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అమ్మినవాళ్లు పెట్టిన సోర్న్ కొన్నవాళ్లకి రాదు. ట్యాక్స్ కూడా అంతే, చేతులు మారగానే పోతుంది. పాతకాలపు ట్యాక్స్ స్టిక్కర్లు 2014 అక్టోబర్‌లోనే పోయాయి కాబట్టి అద్దం మీద చూసి తెలుసుకునే వీలూ లేదు. పేరు మారిన వెంటనే కొన్నవాళ్లు తమ పేరున మళ్లీ సోర్న్ పెట్టుకోవాలి, లేదా ట్యాక్సూ ఇన్సూరెన్సూ రెండూ తీసుకోవాలి. ఇది ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.

మా దగ్గర పదిన్నరకి ఎంఓటీ బుక్ చేసుకుంది. పదిన్నర దాటింది, రాలేదు. ఫోన్ మోగితే తీశాను. అవతల ఒక పోలీసు ఆఫీసరు. ఈ నంబరు కారుకి మీ దగ్గర బుకింగ్ ఉందా అని అడిగాడు. ఉందని చెప్పాను. మంచిది, థ్యాంక్స్ అని పెట్టేశాడు. దాంతో ట్యాక్స్ సంగతీ, ఎంఓటీ సంగతీ అక్కడితో సరిపోయాయి. వాట్సాప్ సలహాలో నిజమున్న భాగం నిజంగానే పనిచేసింది. కానీ అతని కారులోని కెమెరా ఫియెస్టా నంబరు చదివి, ఇన్సూరెన్స్ డేటాబేస్‌లో పాలసీ లేదని అప్పటికే చూపించేసింది. కాసేపటికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, కారు తీసుకెళ్లిపోతున్నారు, నేను బుకింగ్ చూపించాను అంకుల్" అంటోంది. వెనక లారీ వించి చప్పుడు వినిపిస్తోంది.

ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే 300 పౌండ్ల ఫైన్, ఆరు పెనాల్టీ పాయింట్లు. కేసు కోర్టుకి వెళ్తే జరిమానాకి పరిమితి లేదు, లైసెన్సు కూడా సస్పెండ్ చేయొచ్చు. 300 పౌండ్లు ఎలాగో కడతారు. ఆ ఆరు పాయింట్ల దెబ్బే కోలుకోనివ్వదు. టెస్టు పాసైన రెండేళ్లలోపు ఆరు పాయింట్లు వస్తే 1995 నాటి కొత్త డ్రైవర్ల చట్టం ప్రకారం లైసెన్సు రద్దవుతుంది. మళ్లీ ప్రొవిజనల్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, తీసుకుని, థియరీ, ప్రాక్టికల్ రెండూ మొదటి నుంచి రాయాలి. ఆ అమ్మాయి పాసై ఏడాది కూడా కాలేదు. కారు ఉంటే తప్ప వెళ్లలేని ఇళ్లన్నీ ఏజెన్సీ వాళ్లు వేరేవాళ్లకి ఇచ్చేశారు. పోలీసులు పట్టుకున్న కార్లు పెట్టే యార్డులో కారు ఉన్నన్నాళ్లూ రోజువారీ అద్దె పెరుగుతూ పోయింది. విడిపించుకోవడానికి తీసుకున్న ఒకరోజు పాలసీ చెల్లదన్నారు, ఎందుకంటే తాత్కాలిక పాలసీల్లో చాలావాటిలో పోలీసులు పట్టుకున్న బండికి వర్తించదని షరతు ఉంటుంది. ఆమె పంపే డబ్బు మీద ఊళ్లో తమ్ముడి కాలేజీ ఫీజు నడుస్తోంది. నాకు ఆ పిల్ల గొంతు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

ఆ సలహా పంపినవాళ్లని నేను తిట్టడం లేదు. వాళ్లు అలా ఎందుకు నమ్మారో నాకు తెలుసు. మా గ్యారేజీలో, ఇంకే గ్యారేజీలో అయినా, ఎంఓటీకి కారు తెచ్చినవాళ్లని ఇన్సూరెన్స్ కాగితం అడగం. అది మా పరీక్షలో భాగం కాదు. అడగలేదు కాబట్టి అక్కర్లేదని ఒకరు ఇంకొకరికి చెప్తారు. దారిలో కెమెరా కంట పడకుండా వచ్చినవాళ్లు "నేను వెళ్లొచ్చాను, ఏమీ కాలేదు" అని రాస్తారు. దొరికినవాళ్లు సిగ్గుపడి ఏమీ రాయరు.

ఇంకో అపోహ కూడా ఉంది. "నాకు నా కారు మీద ఫుల్ కాంప్రహెన్సివ్ ఉంది, వేరేవాళ్ల కారు నడిపినా అది కవర్ చేస్తుంది" అంటారు. కొన్ని పాలసీల్లో అలాంటి క్లాజు ఉన్న మాట నిజమే. కానీ అది థర్డ్ పార్టీకే, అందరికీ ఇవ్వరు, మన సొంత కారుకి వర్తించదు. అసలు యజమాని ఆ కారుకి ఇన్సూరెన్స్ తీసుకుని ఉంటేనే చెల్లుతుందని చాలా కంపెనీలు షరతు పెడతాయి. సోర్న్‌లో ఉన్న కారుకి చాలాసార్లు ఇన్సూరెన్స్ ఉండదు కదా. సర్టిఫికెట్ తీసి చదవకుండా దాన్ని నమ్ముకుని స్నేహితుడి కారు స్టీరింగ్ పట్టుకోవద్దు.

మరి ఎలా వెళ్లాలి? నన్ను అడిగితే, కారు పాసవుతుందన్న నమ్మకం ఉన్నవాళ్లు ఏడాది పాలసీనే ఎంఓటీ రోజు నుంచి మొదలయ్యేలా తీసుకోవడం మేలు. ఎలాగూ రేపటి నుంచి కావాల్సిందే. ఫెయిలై కారు వదిలేయాల్సి వస్తే, 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. వాడిన రోజులకీ, వాళ్ల చార్జీలకీ కొంత పట్టుకుంటారు, మిగతాది తిరిగొస్తుంది. కంపెనీకి నిజం చెప్పండి: కారు సోర్న్‌లో ఉంది, ఎంఓటీ గడువు అయిపోయింది, పరీక్షకి తీసుకెళ్తున్నాను, కవర్ ఉంటుందా అని. ఫోన్లో ఔనన్నా సరిపెట్టుకోకుండా మెయిల్లో రాయించుకోండి. ఒకరోజు, కొన్ని గంటల పాలసీలు కూడా దొరుకుతాయి. అవి తీసుకుంటే ఎంఓటీ లేని కారుకి ఇస్తారా, మన లైసెన్సు రకానికి ఇస్తారా అన్నది ముందే చూసుకోవాలి. చిన్న పాలసీలు డేటాబేస్‌లో వెంటనే కనిపించకపోవచ్చు. అందుకే సర్టిఫికెట్ ఫోన్లో తెరిచి పెట్టుకోండి.

కారు మీద నమ్మకం లేకపోతే నడపనే వద్దు. రికవరీ ట్రక్ మీద ఎక్కించి పంపండి. నాలుగు చక్రాలూ నేల వదిలి ట్రక్కు మీద ఉన్న కారు సరుకు కిందే లెక్క. తాడు కట్టి ఇంకో కారుతో లాగడం అలా కాదు. చక్రాలు రోడ్డు మీద తిరుగుతున్నాయి కాబట్టి దానికీ ఇన్సూరెన్స్ కావాలి, లోపల కూర్చున్నవాడికి లైసెన్సు కావాలి, పైగా ఇంజన్ ఆఫ్‌లో ఉంటే బ్రేకు రాయిలా బిగుస్తుంది. కొన్ని గ్యారేజీలు తామే వచ్చి కారు తీసుకెళ్తాయి. గ్యారేజీలవాళ్లు ట్యాక్స్ లేని బండి నడపడానికి వాడే, తెల్ల పలక మీద ఎర్ర అక్షరాలుండే ట్రేడ్ ప్లేట్లు తగిలించి, తమ ట్రేడ్ ఇన్సూరెన్స్ మీద నడుపుతాయి. అయితే ట్రేడ్ ప్లేటు ట్యాక్స్ సంగతి వరకే పనికొస్తుంది. వాళ్ల ఇన్సూరెన్స్ మీ కారుకి వర్తిస్తుందా అని విడిగా అడగాలి. అడిగితే చిన్నబుచ్చుకునే గ్యారేజీకి కారు ఇవ్వకండి.

బుక్ చేసే ముందు కారు నంబరు కొట్టి పాత ఎంఓటీ చరిత్ర చూడండి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం. పోయినసారి టెస్టర్ అడ్వైజరీలో, అంటే ఫెయిల్ చేయకపోయినా గమనించుకోమని చెప్పే హెచ్చరికల్లో, ఏం రాశాడో అందులో ఉంటుంది. అప్పుడు అరుగుతున్నాయన్న టైర్లు ఇప్పటికి అరిగిపోయే ఉంటాయి. ముందు రోజు టైర్లలో గాలి నింపి, లైట్లు, హారన్, వైపర్లు చూసుకుని, ఇంటి ఆవరణలోనే కారుని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదిపి బ్రేకు పట్టుతోందో లేదో చూడండి. పెడల్ మెత్తగా కిందకి దిగిపోతే ట్రక్కుకి ఫోన్ చేయండి.

పాసైతే మా కౌంటర్ దగ్గర నిలబడే ఫోన్లో ట్యాక్స్ కట్టేయొచ్చు. కట్టగానే సోర్న్ దానంతట అదే పోతుంది. ఫెయిలైతే కాగితంలో ఏ వర్గం రాశారో చూడాలి. 2018 మే నుంచి లోపాలని డేంజరస్, మేజర్, మైనర్ అని విడదీస్తున్నారు. డేంజరస్ అని ఒక్కటి ఉన్నా ఇంటికి నడుపుకుంటూ వెళ్లకూడదు, ఇన్సూరెన్స్ ఉన్నా సరే. అక్కడే బాగుచేయించాలి, లేదంటే ట్రక్కు మీద తీసుకెళ్లాలి. ఈ మాట చెప్తే నామీద కోప్పడినవాళ్లు ఉన్నారు, ఎదురుగా ఇల్లు అంకుల్ అంటారు. ఆ ఎదురు ఇంటికీ మాకూ మధ్య ఒక ప్రైమరీ స్కూలు ఉంది.

మీకు నా మనవి ఒక్కటే. ఏటా సెప్టెంబర్‌లోనూ జనవరిలోనూ కొత్త విద్యార్థులు ఇక్కడ దిగుతారు. కాస్త చలి తగ్గేసరికి సెకండ్ హ్యాండ్ కార్ల బేరాలు మొదలవుతాయి. ఆ నెలల్లో మీ పత్రికలో ఈ సంగతి ఒకసారి వేయండి. ఇక్కడి తెలుగు సంఘాలు కొత్తవాళ్లకి పెట్టే స్వాగత సభల్లో బ్యాంకు ఖాతా గురించీ ఇంటి అద్దె గురించీ చెప్తారు, దీనికీ ఐదు నిమిషాలు కేటాయించాలి. పిలిస్తే లెస్టర్ చుట్టుపక్కల ఎక్కడికైనా నేనే వచ్చి చెప్తాను. ఆ వాట్సాప్ మెసేజ్ మీ ఫోన్లో ఉంటే, ముందుకి పంపే ముందు అందులోంచి ఇన్సూరెన్స్ మాట తీసేయండి.

ఇట్లు,
ఒక ఎంఓటీ టెస్టర్,
లెస్టర్, ఇంగ్లండ్